హాస్పిటల్ ఫైనాన్షియల్ స్టేట్‌మెంట్స్ చదవడం: లాభం 1.12 కోట్లు, జీతాల రోజుకు ఓడీ (బ్యాంకు ఓవర్‌డ్రాఫ్ట్) ఎందుకు?

కొత్త_మేనేజర్
అందరికీ నమస్కారం. వంద పడకల హాస్పిటల్ లెక్కలు చదవడం నేర్చుకోవాలని ఒక నమూనా తయారు చేశాను. ఏ హాస్పిటల్‌దీ కాదు, అభ్యాసం కోసం వేసుకున్న అంకెలు. జిల్లా కేంద్రంలో ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ, క్యాష్ పేషెంట్లు, ఇన్సూరెన్స్, ఆరోగ్యశ్రీ మూడూ ఉన్నాయి అనుకోండి. అన్నీ కోట్లలో (ఐపీ అంటే చేరిన పేషెంట్లు, ఓపీ అంటే చూపించుకుని వెళ్లేవాళ్లు):

ఐపీ ఆదాయం 22.10
ఓపీ, ల్యాబ్ 3.20
ఫార్మసీ 8.30
మొత్తం ఆపరేషన్ల ఆదాయం 33.60
ఇతర ఆదాయం 0.40 (ఇందులో ఎఫ్‌డీ వడ్డీ 0.30)
మందులు, కన్స్యూమబుల్స్ 10.10
డాక్టర్ల ప్రొఫెషనల్ ఫీజులు 7.70
సిబ్బంది జీతాలు 6.00
ఇతర ఖర్చులు 4.80 (ఇందులో రానిబాకీల ప్రొవిజన్ 0.50)
డిప్రిసియేషన్ 2.10
వడ్డీ 1.80
పన్నుకు ముందు లాభం 1.50, పన్ను 0.38, నికర లాభం 1.12

రావాల్సిన బాకీలు ఏడాది మొదట్లో 7.60, చివర్లో 11.50. స్టాకు 0.90 నుంచి 1.10. సప్లయర్లకు ఇవ్వాల్సింది 3.90 నుంచి 4.50. చేతిలో, బ్యాంకులో కలిపి 0.80. ఏడాదిలో క్రెడిట్ బిల్లులు, అంటే ఇన్సూరెన్స్, ఆరోగ్యశ్రీ కలిపి 14.00. టర్మ్ లోన్ అసలు 1.50 కట్టాలి.

లాభం కనిపిస్తోంది, కానీ ఇలాంటి చోట ఓడీ ఎప్పుడూ నిండే ఉంటుంది. ముందు ఏ కాగితం తీయాలి?

గోదారి_ఆడిటర్
పీ అండ్ ఎల్ పక్కన పెట్టి క్యాష్ ఫ్లో తీయండి. చట్టం ప్రకారం చిన్న కంపెనీ నిర్వచనంలోకి వచ్చేవాళ్లకు క్యాష్ ఫ్లో స్టేట్‌మెంట్ తప్పనిసరి కాదు కాబట్టి చాలా హాస్పిటళ్ల ఫైల్లో అది ఉండదు. లేకపోతే చేత్తో వేసుకోండి, పావుగంట పని.

పన్నుకు ముందు లాభం 1.50. దానికి డిప్రిసియేషన్ 2.10, వడ్డీ 1.80, ప్రొవిజన్ 0.50 కలపండి, ఎఫ్‌డీ వడ్డీ 0.30 తీసేయండి. 5.60 వస్తుంది. ఇక్కడిదాకా ఆరోగ్యంగానే ఉంది.

ఇప్పుడు బాకీలు 3.90 పెరిగాయి, అది పోయింది. స్టాకులో 0.20 ఇరుక్కుంది. సప్లయర్లకు 0.60 కట్టకుండా ఆపాం కాబట్టి అది కలిసింది. మిగిలింది 2.10.

తర్వాత పన్ను. మీరు వేసిన 0.38 పీ అండ్ ఎల్ పన్ను. నగదుగా పోయేది వేరు. బాకీల ఖాతా చూడండి: 7.60 కి 14.00 కలిపి 11.50 తీసేస్తే 10.10 వసూలైంది. ఆ వసూలు మీద 10 శాతం టీడీఎస్ (చెల్లించేవాళ్లే ముందుగా కోసి ప్రభుత్వానికి కట్టే పన్ను), అంటే 1.01 ముందే కోసేశారు. పాత 1961 ఆదాయపు పన్ను చట్టంలో 194జె కింద టీపీఏలు (ఇన్సూరెన్స్ కంపెనీల తరఫున క్లెయిమ్‌లు చూసే సంస్థలు) హాస్పిటల్‌కు ఇచ్చే డబ్బులో టీడీఎస్ కోయాలని ప్రత్యక్ష పన్నుల బోర్డు సీబీడీటీ 2009 సర్క్యులర్ 8 లో స్పష్టం చేసింది. 2.10 లోంచి 1.01 పోతే 1.09. ఇదీ హాస్పిటల్ నిజంగా సంపాదించిన నగదు.

కట్టాల్సింది వడ్డీ 1.80, అసలు 1.50, మొత్తం 3.30. 1.09 కి ఎఫ్‌డీ వడ్డీ 0.30 కలిపినా ఇంకా 1.91 కోట్లు తక్కువ. ఒక్క కొత్త మెషీన్ కూడా కొనకుండానే ఇంత లోటు. ఓడీ నిండేది ఇందుకే.

ఇంకో మాట. అసలు పన్ను 0.38, కోసింది 1.01. తేడా 0.63 రిఫండ్‌గా ఎప్పుడో వస్తుంది. మార్జిన్ తక్కువ ఉన్న హాస్పిటల్ ఏడాది మొదట్లోనే పాత చట్టం 197 కింద ఇచ్చే తక్కువ టీడీఎస్ సర్టిఫికెట్‌కు అప్లై చేసుకోవాలి. 2026 ఏప్రిల్ 1 నుంచి 2025 ఆదాయపు పన్ను చట్టం అమల్లోకి వచ్చింది కాబట్టి సెక్షన్ నంబర్లు మారాయి, అప్లికేషన్ వేసేటప్పుడు కొత్త నంబరు చూసుకోండి.

కొత్త_మేనేజర్
ధన్యవాదాలు సార్. బాకీలు మొత్తం ఆదాయంతో భాగిస్తే 125 రోజులు వస్తోంది. అంత దారుణంగా అనిపించలేదు.

క్లెయిమ్_డెస్క్
అక్కడే తప్పుదారి పడుతున్నారండీ. క్యాష్ పేషెంటు డిశ్చార్జి రోజే కట్టి వెళ్తాడు, అతని బిల్లు బాకీల్లో ఉండదు. కింద 33.60 పెట్టి భాగిస్తే క్యాష్ వసూలు వల్ల రోజులు తగ్గినట్టు కనిపిస్తుంది. 11.50 ని క్రెడిట్ బిల్లులు 14.00 తోనే భాగించండి: 300 రోజులు. అందులోనూ ఇన్సూరెన్స్ వేరు, ఆరోగ్యశ్రీ వేరు, కార్పొరేట్ కంపెనీలు వేరుగా తీయాలి. మూడింటి జాతకాలూ వేరు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ బకాయిల కోసం నెట్‌వర్క్ హాస్పిటళ్లు సేవలు ఆపేదాకా వెళ్లిన సంగతి పేపర్లలో చూసే ఉంటారు. ఆ భాగాన్ని మిగతావాటితో కలిపి సగటు తీస్తే ఏమీ అర్థం కాదు.

ఇంకా ముఖ్యమైనది, ఆ 11.50 లో నిజమైన బాకీ ఎంత? ఒక్క బిల్లు పట్టుకుని చివరిదాకా వెళ్దాం.

పేషెంటు బిల్లు 2,10,000. అడ్మిషన్ రోజు అడ్వాన్స్ 20,000 కట్టాడు. టీపీఏ ఫైనల్ ఆథరైజేషన్ 1,80,000 ఇచ్చింది. మిగతా 30,000 లో అడ్వాన్స్ పోను 10,000 డిశ్చార్జి కౌంటర్లో వసూలైంది. టీపీఏ పేరిట 1,80,000 బాకీ నిలబడింది.

నెలన్నర తర్వాత సెటిల్‌మెంట్ వచ్చింది. టారిఫ్ తేడా అని 12,000 కోసి 1,68,000 పాస్ చేశారు. దానిమీద టీడీఎస్ 16,800. బ్యాంకులో పడింది 1,51,200.

చాలాచోట్ల అకౌంటెంట్ బ్యాంకులో పడ్డ 1,51,200 ఒక్కటే పోస్ట్ చేసి ఊరుకుంటాడు. సెటిల్‌మెంట్ లెటర్ క్లెయిమ్ డెస్క్ మెయిల్‌కు వస్తుంది, అకౌంట్స్‌కు చేరదు. అలా 28,800 బాకీగా తెరిచే ఉంటుంది. అందులో 16,800 టీపీఏ ఇచ్చేసిందే, ఇన్‌కమ్ ట్యాక్స్ దగ్గర ఉంది. 12,000 ఇక రాదు. ఇలాంటి బిల్లులు నెలకు రెండు వందలు పడితే ఏడాది తిరిగేసరికి బాకీల్లో ఎంత గాలి ఉంటుందో లెక్కేసుకోండి. లాభం కూడా ఆ కోతల మేర ఎక్కువ చూపించినట్టే, ఎందుకంటే ఆ 12,000 ఆదాయంలోంచి తీయలేదు.

లెక్కలమేస్త్రి
క్లెయిమ్_డెస్క్ గారు చెప్పినదానికి ఒక ముక్క కలుపుతాను. ఆరోగ్యశ్రీ కేసును హాస్పిటల్ టారిఫ్‌లో బిల్లు కొట్టి ఆదాయంలో వేసేవాళ్లు ఉన్నారు. టారిఫ్ ప్రకారం 70,000, ప్యాకేజీ 45,000 అనుకోండి. తేడా 25,000 ఎన్నటికీ రాదు, పేషెంటు దగ్గర అడగడానికీ లేదు. ఆదాయం మొదటి రోజే 45,000 గా రాయాలి. అలా రాయని హాస్పిటల్‌లో ఏడాది చివర 'డిస్కౌంట్స్' అనో 'రైట్ ఆఫ్' అనో పెద్ద అంకె ఇతర ఖర్చుల్లో కనిపిస్తుంది. అది ఖర్చు కాదు, లేని ఆదాయం. నోట్స్‌లో గ్రాస్ బిల్లింగ్, డిస్‌అలవెన్స్, నికర ఆదాయం మూడూ వేరుగా అడగండి.

ఇండ్ ఏఎస్ 115 (పెద్ద కంపెనీలకు వర్తించే కొత్త అకౌంటింగ్ ప్రమాణాల్లో ఒకటి) దీన్నే వేరియబుల్ కన్సిడరేషన్ అంటుంది. గత కోతల సరాసరి పట్టి ముందే తగ్గించి ఆదాయం రాయాలి. బాకీలకు ఇండ్ ఏఎస్ 109 ప్రకారం ఎక్స్‌పెక్టెడ్ క్రెడిట్ లాస్ (ఈసీఎల్), అంటే రాకపోవచ్చని అంచనా వేసిన మేర ప్రొవిజన్, కట్టాలి.

గోదారి_ఆడిటర్
మేస్త్రి గారూ, సూత్రం సరే కానీ ఈ నమూనా కంపెనీకి ఇండ్ ఏఎస్ వర్తించదు. అన్‌లిస్టెడ్ కంపెనీకి నెట్‌వర్త్ 250 కోట్లు ఉండాలి, లేదా ఇండ్ ఏఎస్ వర్తించే కంపెనీకి హోల్డింగో, సబ్సిడియరీనో, జాయింట్ వెంచరో, అసోసియేటో అయ్యుండాలి. ఇది పాత అకౌంటింగ్ స్టాండర్డ్స్ మీదే నడుస్తుంది. ఏఎస్ 9 ప్రకారం కూడా వసూలు మీద గట్టి నమ్మకం లేనప్పుడు ఆదాయం రాయకూడదు కాబట్టి మీరు చెప్పిన ముగింపు మారదు. పదాలు మాత్రం కలిపేయొద్దు, ఆడిట్ రిపోర్టులో ఈసీఎల్ అని వెతికి లేదని కంగారు పడతారు.

లెక్కలమేస్త్రి
నిజమే, సరిచేసినందుకు ధన్యవాదాలు. కంపెనీల చట్టం షెడ్యూల్ 3 మాత్రం రెండు రకాల కంపెనీలకూ ఉంది కదా. 2021 ఏప్రిల్ 1 నుంచి బాకీల వయసు పట్టిక తప్పనిసరి: ఆరు నెలల లోపు, ఆరు నెలల నుంచి ఏడాది, ఒకటి నుంచి రెండేళ్లు, రెండు నుంచి మూడేళ్లు, మూడేళ్లు దాటినవి. వివాదం ఉన్నవి, లేనివి వేరుగా. ఈ ఒక్క నోట్ చదివితే హాస్పిటల్ సగం అర్థమవుతుంది. ఏడాది దాటిన గడుల్లో అంకె పెరుగుతూ ప్రొవిజన్ మాత్రం కదలకుండా ఉంటే లాభాన్ని నమ్మకండి. బ్యాంకు కూడా నమ్మదు. చాలా బ్యాంకులు 90 రోజులు దాటిన బాకీని, ఓడీలో ఎంత తీయొచ్చో బ్యాంకు వేసే లెక్క, అంటే డ్రాయింగ్ పవర్‌లో లెక్కించవు. బ్యాలెన్స్ షీట్లో కరెంట్ రేషియో (ఏడాదిలోపు వచ్చే ఆస్తులకూ కట్టాల్సిన అప్పులకూ ఉన్న నిష్పత్తి) బాగుండి ఓడీ లిమిట్ తగ్గడానికి కారణం ఇదే.

అదే పట్టికలో అన్‌బిల్డ్ డ్యూస్ (సేవ జరిగినా ఇంకా బిల్లు వేయనివి) వేరుగా చూపాలి. హాస్పిటల్‌కు అవి తప్పకుండా ఉంటాయి. మార్చి 31 అర్ధరాత్రి పడకల మీద ఉన్న ప్రతి పేషెంటుదీ ఆ క్షణం దాకా జరిగిన సేవ ఈ ఏడాది ఆదాయమే. మార్చి 27 న చేరి ఏప్రిల్ 4 న డిశ్చార్జి అయితే బిల్లు తేదీ ఏప్రిల్ అని మొత్తం వచ్చే ఏడాదికి నెట్టేస్తారు. మందులు, డాక్టర్ ఫీజు మాత్రం మార్చిలోనే ఖర్చు పడతాయి. ఆ రాత్రి సెన్సస్ లిస్టు తీసి పేషెంటువారీగా రన్నింగ్ బిల్లు ప్రింట్ పెట్టుకోవాలి. ఏప్రిల్ 5 న తీద్దామంటే చాలా సాఫ్ట్‌వేర్లలో వెనక తేదీ రన్నింగ్ బిల్లు రాదు.

పేషెంటు అడ్వాన్స్‌లు అప్పుల వైపు ఉండాలి, బాకీల్లోంచి తీసేసి చూపితే రెండూ తప్పవుతాయి.

బెడ్‌నంబర్12
డాక్టర్ ఫీజు 7.70 గురించి ఎవరూ మాట్లాడలేదు. నా దృష్టిలో రెండు హాస్పిటళ్లను పోల్చేటప్పుడు ఎక్కువమంది పొరబడేది ఇక్కడే.

ఈ నమూనాలో ఎబిట్‌డా, అంటే వడ్డీ, పన్ను, డిప్రిసియేషన్ తీయకముందు లాభం, ఇతర ఆదాయం లేకుండా, 33.60 లోంచి నిర్వహణ ఖర్చులు 28.60 తీస్తే 5.00. అంటే 14.9 శాతం. ఆ 7.70 లో 3.00 కోట్లు విజిటింగ్ సర్జన్లవి అనుకుందాం. హాస్పిటల్ వాళ్ల తరఫున వసూలు చేసి యథాతథంగా ఇచ్చేస్తోంది. పక్క ఊరి హాస్పిటల్ అదే 3.00 ని ఆదాయంలోనూ ఖర్చులోనూ చూపదు. అప్పుడు ఆదాయం 30.60, ఎబిట్‌డా అదే 5.00, మార్జిన్ 16.3 శాతం. పేషెంట్లు, డాక్టర్లు, డబ్బు అన్నీ అవే అయినా కాగితం మీద పక్క ఊరిది మెరుగ్గా కనిపిస్తుంది. పేషెంటు ఎవరిని చూసి చేరాడు, రేటు ఎవరు పెట్టారు, ఏదైనా తేడా వస్తే బాధ్యత ఎవరిది అన్నదాన్ని బట్టి ఏ పద్ధతి సరైనదో తేలుతుంది. కన్సల్టెంట్ అగ్రిమెంట్ చదవకుండా మార్జిన్ పోల్చవద్దు.

ఏఆర్‌పీఓబీ (నిండిన పడకకు రోజుకు సగటు ఆదాయం) కూడా అంతే. వంద పడకలు, 60 శాతం ఆక్యుపెన్సీ అంటే ఏడాదికి 21,900 బెడ్ డేస్. ఐపీ ఆదాయం 22.10 తో భాగిస్తే పడకకు రోజుకు దాదాపు 10,090 రూపాయలు. మొత్తం 33.60 తో భాగిస్తే 15,340. రెండిటినీ ఏఆర్‌పీఓబీ అనే అంటారు. ఇక ఆక్యుపెన్సీ లెక్కలో కింద ఉన్నది లైసెన్సు పడకలా, వాడుకలో ఉన్న పడకలా అన్నదీ అడగాలి.

కొత్త_మేనేజర్
లిస్టెడ్ కంపెనీలవి చదివితే ఈ చిన్నదానికి పనికొస్తాయా?

బెడ్‌నంబర్12
చదవండి. మన దగ్గరివే ఉన్నాయి: కిమ్స్ 2021 జూన్‌లో, రెయిన్‌బో 2022 మే లో లిస్ట్ అయ్యాయి. మూడు నెలలకోసారి ఫలితాలు ఎక్స్‌చేంజి సైట్లో పెడతాయి. నోట్స్ రాసే తీరు నేర్చుకోవడానికి బాగుంటాయి.

ఎబిట్‌డా మాత్రం నేరుగా పోల్చకండి. లిస్టెడ్ కంపెనీలకు 2019 ఏప్రిల్ 1 నుంచి ఇండ్ ఏఎస్ 116. బిల్డింగ్ అద్దె 2 కోట్లు అనుకోండి. మన నమూనాలో అది ఇతర ఖర్చుల్లో ఉంటుంది, ఎబిట్‌డాకు పైన. వాళ్ల దగ్గర అది లీజు ఆస్తి డిప్రిసియేషన్‌గా, లీజు అప్పు వడ్డీగా కిందికి వెళ్తుంది. అద్దె భవనంలో ఉన్న హాస్పిటల్‌కు ఎబిట్‌డా ఆ మేర ఉబ్బుతుంది. క్యాష్ ఫ్లోలో కూడా అద్దె ఆపరేటింగ్ నుంచి ఫైనాన్సింగ్ భాగానికి మారుతుంది. లీజు చెల్లింపులు తీసేసి పోల్చండి.

స్టోర్స్_ఇంచార్జి
సప్లయర్ల వైపు చూద్దాం. 4.50 లో మందులు, కన్స్యూమబుల్స్ సప్లయర్లవి 3.60 అనుకుంటే, ఏడాది కొనుగోళ్లు 10.10 కి స్టాకు పెరిగిన 0.20 కలిపి 10.30. అంటే 128 రోజుల బాకీ. డిస్ట్రిబ్యూటర్లు ఊరికే ఆగరు. క్యాష్ డిస్కౌంట్ పోతుంది, స్కీమ్ సరుకు రాదు, స్టెంట్లు, ఇంప్లాంట్ల సప్లై ఆగుతుంది. అది వడ్డీ లైన్లో కనపడదు, మందుల ఖర్చు శాతంలో కనపడుతుంది. ఈ నమూనాలో మందులు ఆదాయంలో 30 శాతం. పోయినేడాది 28 ఉండి ఈ ఏడాది 30 అయితే వాడకం పెరిగిందనుకునే ముందు కొనుగోలు రేట్లు చూడండి.

ఎంఎస్ఎంఈ (చిన్న, మధ్యతరహా సంస్థల) బాకీలు నోట్స్‌లో వేరుగా ఉంటాయి. రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజులు, ఉన్నా 45 రోజులే గడువు. పాత ఆదాయపు పన్ను చట్టం 43బి(హెచ్) ప్రకారం గడువు దాటి ఏడాది చివరికి కట్టకుండా మిగిలింది ఆ ఏడాది ఖర్చుగా ఒప్పుకోరు. కట్టిన ఏడాదే ఒప్పుకుంటారు. ఇది మైక్రో, స్మాల్ తయారీదారులకు, సర్వీసు వాళ్లకు. కేవలం కొని అమ్మే మెడికల్ డిస్ట్రిబ్యూటర్ ఉద్యమ్ (ఎంఎస్ఎంఈ రిజిస్ట్రేషన్) సర్టిఫికెట్ చూపించినా ఇందులోకి రాడు. లాండ్రీ, హౌస్‌కీపింగ్, ఆక్సిజన్ నింపే యూనిట్ వస్తాయి. అందుకే వెండర్ మాస్టర్‌లో 'ఎంఎస్ఎంఈ' అని ఒక్క టిక్ చాలదు, తయారీనా, సర్వీసా, ట్రేడింగా అన్నది కూడా ఉండాలి.

బయోమెడికల్_బాబు
డిప్రిసియేషన్ 2.10 వెనక మెషీన్లు ఏమిటో చూడకుండా వదలొద్దు. కంపెనీల చట్టం షెడ్యూల్ 2 లో సీటీ, అల్ట్రాసౌండ్, ఈసీజీ మానిటర్ల వంటివాటికి 13 ఏళ్లు, మిగతా వైద్య పరికరాలకు 15 ఏళ్లు ఇచ్చారు. అల్ట్రాసౌండ్ ప్రోబ్‌లు, మానిటర్లు అన్నాళ్లు పనిచేయవు. స్క్రాప్ అయిన పరికరం పుస్తకాల్లో బతికే ఉంటుంది. ఫిక్స్‌డ్ అసెట్ రిజిస్టర్ పట్టుకుని వార్డు తిరిగితేనే తెలుస్తుంది.

కొన్న కొత్తలో వారంటీ ఉంటుంది, మెయింటెనెన్స్ ఖర్చు సున్నా. వారంటీ అయిపోయిన ఏడాది సీఎంసీ (విడిభాగాలతో సహా మెయింటెనెన్స్ కాంట్రాక్టు) మొదలై ఇతర ఖర్చులు ఒక్కసారి ఎగురుతాయి. ప్రతి పెద్ద మెషీన్ వారంటీ ముగిసే తేదీ పక్కన రాసుకోండి, వచ్చే ఏడాది ఎబిట్‌డా ఎంత తగ్గుతుందో ముందే తెలుస్తుంది. ల్యాబ్ ఎనలైజర్ చాలాచోట్ల కంపెనీ ఉచితంగా పెట్టి రీజెంట్ రేటులో రాబట్టుకుంటుంది. అక్కడ ఆస్తి ఉండదు, డిప్రిసియేషన్ ఉండదు, కన్స్యూమబుల్స్ ఎక్కువ.

వైద్య సేవకు జీఎస్టీ మినహాయింపు కాబట్టి మెషీన్ మీద కట్టిన జీఎస్టీకి క్రెడిట్ (అమ్మకపు పన్నులోంచి తగ్గించుకునే వీలు) రాదు, ఆస్తి విలువలోనే కలుస్తుంది. ఐపీ పేషెంటుకు ఇచ్చిన మందులు చికిత్సలో భాగం, మినహాయింపు. ఓపీ ఫార్మసీ అమ్మకం మీద మాత్రం పన్ను ఉంది, ఆ మందుల క్రెడిట్ కూడా ఉంది. రెండూ ఒకే స్టోర్ నుంచి వెళ్తుంటే క్రెడిట్ రివర్సల్ లెక్క తప్పుతుంది, నోటీసు వచ్చాకే బయటపడుతుంది.

ట్రస్ట్_ఖాతా
ట్రస్టు హాస్పిటల్ అయితే పీ అండ్ ఎల్ ఉండదు, ఇన్‌కమ్ అండ్ ఎక్స్‌పెండిచర్ అకౌంట్. కార్పస్ (మూలనిధి) విరాళం అందులోకి రాదు, నేరుగా బ్యాలెన్స్ షీట్లో కార్పస్‌కు పోతుంది. ఆదాయంలో 85 శాతం ఆ ఏడాదే ఆశయానికి ఖర్చు చేయాలన్న నియమంలో మెషీన్ కొనుగోలు కూడా ఖర్చుగా లెక్కకొస్తుంది. అందుకే పన్ను లెక్కలో లోటు, ఖాతాలో మిగులు ఒకే ఏడాది కనపడొచ్చు. రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని చదవాలి. టీడీఎస్ మాత్రం ట్రస్టుకూ కోస్తారు, సర్టిఫికెట్ తెచ్చుకోకపోతే.

డాలస్_బిల్లింగ్
ఇక్కడ అమెరికాలో నాన్ ప్రాఫిట్ హాస్పిటళ్ల స్టేట్‌మెంట్లలో ఒక మంచి కొలత ఉంది, మన నమూనాకూ వాడొచ్చు: డేస్ క్యాష్ ఆన్ హ్యాండ్. నగదు లేని ఖర్చులు తీసేసి రోజుకు ఎంత ఖర్చో చూడటం. నిర్వహణ ఖర్చు 28.60 కి వడ్డీ 1.80 కలిపి, ప్రొవిజన్ 0.50 తీస్తే 29.90. రోజుకు సుమారు 8.2 లక్షలు. చేతిలో 80 లక్షలు. పది రోజులు కూడా రాదు. లియన్‌లో, అంటే అప్పుకు హామీగా బ్యాంకు దగ్గర, ఉన్న ఎఫ్‌డీని ఇందులో కలపకూడదు, అవసరానికి విడిపించలేరు.

ఇక్కడ చార్జిమాస్టర్ (హాస్పిటల్ రేట్ల పట్టిక) రేటుకూ చేతికొచ్చేదానికీ పొంతనే ఉండదు కాబట్టి గ్రాస్ బిల్లింగ్ ఆదాయం స్టేట్‌మెంట్లో చూపరు. ఉచిత వైద్యం కూడా ఆదాయంలో ఉండదు, దాని ఖరీదు నోట్స్‌లో చెబుతారు.

కొత్త_మేనేజర్
నమూనా మళ్లీ వేసి చూశాను, 1.09 అర్థమైంది. ఒక్క సందేహం మిగిలింది. వేల బిల్లులు ఉన్నప్పుడు ఆ 28,800 లాంటి ఉత్తుత్తి బాకీలు ఎలా ఏరాలి?

క్లెయిమ్_డెస్క్
ఏజింగ్ రిపోర్టు ఎక్సెల్‌లోకి దించి, బిల్లువారీగా మిగిలిన బాకీని ఆథరైజ్ అయిన మొత్తంతో భాగించి శాతం కాలమ్ పెట్టండి. దాన్నిబట్టి సార్ట్ చేయండి.

సరిగ్గా 10 శాతం దగ్గర పెద్ద గుంపు కనపడుతుంది. అవన్నీ కోత లేకుండా సెటిలై, టీడీఎస్ మాత్రం పోస్ట్ చేయనివి. 26ఏఎస్ (మన పేరిట జమైన టీడీఎస్ చూపే పన్ను శాఖ పట్టిక) తో సరిచూసి టీడీఎస్ రిసీవబుల్‌కు మార్చండి. పది నుంచి ఇరవై మధ్య ఉన్నవి కోతా టీడీఎస్సూ కలిసినవి. మన బిల్లు 16 శాతం దగ్గర పడుతుంది. వీటికి సెటిల్‌మెంట్ లెటర్ తీయాలి. వంద శాతం ఉన్నవే అసలు బాకీ, లేదా తిరస్కరించిన క్లెయిమ్. వాటిని పోర్టల్‌లో స్టేటస్ చూసి విడదీయాలి.

కోతలను కూడా ఒకే తలకాయ కింద రాయకండి. గ్లౌజులు, టాయిలెటరీల వంటి నాన్ మెడికల్ వస్తువులు, అర్హతకు మించిన గది తీసుకున్నందుకు దామాషా కోత పేషెంటు కట్టాల్సినవి. డిశ్చార్జి రోజు కౌంటర్లో తీసుకోకపోతే పోయినట్టే. టారిఫ్ తేడా, ఆలస్యంగా పంపిన క్లెయిమ్, కాగితం లోపం హాస్పిటల్ భరించేవి. ఈ రెండిటికీ వేర్వేరు లెడ్జర్లు తెరిస్తే, ఏ కౌంటర్‌తో మాట్లాడాలో నెలాఖరు ట్రయల్ బ్యాలెన్స్‌లోనే కనపడుతుంది.